ముద్ద తిన్న ఇల్లు

హోసూరులో ఫ్యాక్టరీలు ఒకటొకటిగా లేస్తున్న రోజులవి. గురుబరపల్లి పక్కన గొర్రెలు కాసుకుని బతికే మా కుటుంబంలో ఫిట్టరు పని నేర్చుకున్నవాడు మా అన్న ఒక్కడే. ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వస్తే ఉతికిన చొక్కా తొడుక్కుని పోయాడు.

సాయంత్రం అతను తిరిగి వచ్చేసరికి నాయన వాకిట్లోనే ఉన్నాడు. వాళ్లు ఏం అడిగారో, వీడు ఏం చెప్పాడో ఆయనకు అక్కర్లేదు.

“అన్నం పెట్టినారా?” అన్నాడు.

పెట్టినారన్నాడు అన్న. వచ్చినవాళ్లందరినీ మధ్యాహ్నం క్యాంటీనులో కూర్చోబెట్టి సాంబారన్నం పెట్టారట. తరువాత చెప్పి పంపిస్తామన్నారట. నాయన లేచి, అమ్మను కేకేసి, పని కుదిరిందని చెప్పాడు.

నవ్వకండి. మా వైపు గొర్రెల కాపరిని ఏడాదికి కుదుర్చుకునే పద్ధతే అది. మందగల ఆసామి కాపరిని ఇంట్లో కూర్చోబెట్టి రాగిముద్ద పెడతాడు. ఆ ముద్ద తిన్నాక ఆసామి కబురు పంపేదాకా కాపరి ఇంకొకరి గడప తొక్కకూడదు. ఆసామి ఇంకొకడికి ముద్ద పెట్టకూడదు. నాయన ముద్ద తిన్న ఇళ్లలో ఏ ఒక్కటీ మాట తప్పలేదు. అలాంటి మనిషికి, అందరికీ ఒకేసారి అన్నం పెట్టి, పేర్లు కూడా గుర్తుపెట్టుకోని ఇల్లు ఒకటి ఉంటుందని ఎలా తెలుస్తుంది?

ఇక వీడికి కాసే తీరిక ఉండదని, అన్న వంతు గొర్రెలను నాయన మా మేనమామకు తోలించేశాడు. కుందారపల్లిలో పంపుసెట్లు బాగుచేసే ఆయన అన్నను పనికి రమ్మని మనిషిని పంపితే నాయనే అడ్డం పడ్డాడు. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంటికి పోతే మనల్ని మనుషులంటారా అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ల భాషలో చెప్పి పంపిస్తామంటే ఇక రావద్దని అర్థమేమోనని అన్న ఒకసారి నాతో అన్నాడు. నాయనతో అనే ధైర్యం వాడికి లేదు, నాకూ లేదు. వానలు వచ్చి పోయాయి. రాగులు కోతకొచ్చాయి. దారిలో సైకిల్ బెల్లు వినబడితే చాలు, ఫ్యాక్టరీ కబురేనని నాయన పంచె సర్దుకునేవాడు.

చివరికి ఒకరోజు అన్న ఎవరికీ చెప్పకుండా జూజువాడి పోయి, చెక్‌పోస్టు దగ్గర లారీల మూటలు దించే పనిలో చేరాడు. రోజూ రాత్రికి ఇంటికే వస్తున్నా నాయన అతనితో మాటలు మానేశాడు. ఆయన కోపం ఫ్యాక్టరీ మీద కాదు, కన్నకొడుకు మీద. అదే నా ఒళ్లు మండించేది. మాట తప్పింది మనవాడేనని ఆయన గట్టి నమ్మకం.

కొన్ని నెలలకు నాయన నన్ను వెంటబెట్టుకుని హోసూరు బస్సెక్కాడు. సంచిలో తమలపాకులు, వక్కలు, ఒక టెంకాయ. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు వాటిని రెండు చేతులా అందించాడు.

“మావాడు ఈడ అన్నం తిన్నాడప్పా. మీరు చెప్పి పంపకముందే తొందరపడి వేరే పనికి పోయినాడు. తప్పు మాదే. లోపల పెద్దోళ్లకు చెప్పు.”

నాకు తల కొట్టేసినట్టయింది. వాచ్‌మన్ నవ్వుతాడనుకున్నాను. అతనూ మా వైపువాడేనేమో, ఆకువక్క కళ్లకద్దుకుని తీసుకున్నాడు. లోపల ఎవరికి చెప్పాలో అతనికి మాత్రం ఏం తెలుసు?

“చెప్తాను పెద్దాయనా. చెప్పి పంపిస్తార్లే,” అన్నాడు.

మంచివాడు. ఆ మంచితనమే మా కొంప ముంచింది. బస్సులో నాయన ముఖం ఎన్నాళ్లకో తేటపడింది. అది చూసి, వాచ్‌మన్ ఊరికే అన్నాడని చెప్పబోయినవాణ్ణి మానుకున్నాను.

ఆ రాత్రి నాయన తన పక్కనే అన్నకు కంచం పెట్టించాడు.

“వాళ్లకేం కోపం లేదప్పా. మళ్లా చెప్పి పంపుతారంట. ఇంక ఆ మూటల పనికి పోవద్దు,” అన్నాడు.

అన్న ముద్ద విరిచి చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నాయన తనతో మాట్లాడి ఎన్ని నెలలయిందో అతనికి తెలుసు. నా వైపు చూశాడు. నేను కళ్లు తుడుచుకున్నాను.

“సరే నాయనా,” అన్నాడు.

మర్నాడు అతను జూజువాడికి పోలేదు.