మునిచంద్ర సారు మర్చిపోయిన బ్యానర్లు

ఇరవై రెండు ఊళ్లలో ఇరవై రెండు బ్యానర్లు మర్చిపోయి వచ్చిన మనిషిని మతిమరుపు మనిషి అనాలా, ఇంకేమైనా అనాలా? ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేసిన శాలినికి ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

యూనివర్సిటీ పర్యావరణ శాస్త్ర విభాగంలో మునిచంద్ర సారు ప్రొఫెసరు, శాలిని కాంట్రాక్టు లెక్చరరు. పల్లెలకు పోయి జనానికి నాలుగు మంచి మాటలు చెప్పి రావడం ఇద్దరికీ అప్పగించిన పని. పుంగనూరు వైపైనా, తంబళ్లపల్లె వైపైనా, కుప్పం వైపైనా తంతు ఒకటే. బ్యానరు కట్టడం, మాట్లాడడం, ఫొటో దిగడం, టీ తాగడం, బస్సెక్కడం. బస్సు రెండు మైళ్లు పోయాక సారు తొడ మీద చరుచుకునేవాడు.

"అయ్యో, బ్యానరు మర్చిపోయొచ్చినామే."

"దిగుదామా సార్?"

"ఇంగేం దిగుతాంలేమ్మా. కండక్టరు తిడతాడు."

పోనీ మిగతావాటి సంగతీ ఇంతేనా అంటే, కాదు. పెన్ను క్యాపు, కళ్లజోడు పెట్టె, టిఫిన్ బాక్సు మూతలోని రబ్బరు, ఏదీ ఎక్కడా వదిలి రాడు. మరీ ముఖ్యంగా గొడుగు. చెక్క పిడి ఉన్న నల్ల గొడుగు. పిడి మీద తన పేరు చెక్కించుకున్నాడు. అది ఎవరికీ ఇవ్వడు. ఒకసారి వైస్ ఛాన్సలరే వరండాలో నిలబడి, "కారు దాకా కాస్త ఇస్తారా" అని అడిగితే, "రండి సార్, నేనే దింపొస్తా" అని పిడి మాత్రం వదలకుండా దింపి వచ్చాడు.

మర్చిపోయే బ్యానరు చిన్నదైతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. మదనపల్లెలో ఫ్లెక్సీలు కొట్టే మురళికి సారు వస్తున్నాడంటేనే మెషీను చాలుతుందో లేదోనని దిగులు.

"సారూ, మీటింగుకు ఎంతమంది వస్తారు?"

"పదిమంది రావచ్చప్పా."

"పదిమందికి ఇరవై అడుగులకు పద్నాలుగా? మంత్రి సభకే నేనింత పెద్దది కొట్టలా."

"మంత్రి వచ్చి పోతాడు మురళీ, పర్యావరణం ఈడనే ఉంటాది. మందంగా ఉండే గుడ్డ వెయ్యి. చుట్టూ తాడు కట్టను అడుగుకొక రింగు కొట్టు."

"అక్షరాలు?"

"ఓ మూలన పడెయ్. కావాల్సినోళ్లు దగ్గరికొచ్చి చదువుకుంటారు."

ప్లాస్టిక్ వాడొద్దని చెప్పడానికి ఇరవై అడుగుల ప్లాస్టిక్ మోసుకుపోయే ప్రొఫెసరని క్యాంటీనులో నవ్వుకునేవారు. శాలిని కూడా నవ్వింది. ఆ నవ్వు పోయిన నవంబరులో ఆగిపోయింది.

యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని కబురు వచ్చింది. పల్లె కార్యక్రమాలు చూసే డీను వరదరాజులు. ఫొటో లేని కార్యక్రమం జరిగిందంటే ఆయన నమ్మడు. ఒక ఊళ్లో ఒకే మొక్కను మూడు వైపుల నుంచి ఫొటోల కోసం మూడుసార్లు నాటించాడు. మొక్క రెండోసారికే వాడిపోయింది, ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. ఆయన శాలినిని పిలిపించాడు.

"ఇరవై రెండు బ్యానర్లూ సెమినార్ హాల్లో కట్టాల. యాడుండాయి?"

"సారు ఊళ్లల్లో మర్చిపోయినారు సార్."

"అన్నీనా?"

"అన్నీ."

వరదరాజులు పేపర్‌వెయిట్‌ను ఒక ఫైలు మీద అటూ ఇటూ జరిపాడు. "ఇది నీ రెన్యువల్ ఫైలమ్మా. సోమవారం కమిటీ వస్తాండాది. బ్యానర్లు తే, సంతకం పెడతా. లేదంటే ఇంగోళ్లను సూసుకోవాల."

శనివారం పొద్దున్నే శాలిని పుంగనూరు బస్సెక్కింది. అక్కడికి దగ్గర్లో ఒక పల్లె. అక్కమ్మ అనే ముసలామె ఇంటి పక్కన ఆవుల కొట్టం. దాని పైకప్పు మూలన చిన్న అక్షరాలు: 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం'. కింద ఆవు తీరిగ్గా నెమరు వేస్తోంది.

"అవ్వా, ఈ బ్యానరు మాది. తీసుకోని పోవాల."

"విప్పుకోమ్మా, సారుది సారుకే. అయితే ఆవును యాడ కట్టాల్నో సెప్పిపో."

శాలిని తాడు ముడి మీద చెయ్యి వేసింది. ఆవు తలెత్తి చూసింది. కప్పు కొట్టానికి అతికినట్టు సరిపోయింది, ఒక జానెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఇంత సరిగ్గా ఎట్ల సరిపోయిందవ్వా?"

"మీటింగుకు ముందే సారు టేపు తెచ్చి కొల్సుకోని పోయినాడు కదా. యాలప్పా అంటే, మీటింగు ఈన్నే, జనం పట్టాల కదా అన్నాడు."

"ఎంతమంది వచ్చినారు?"

"నేనూ, ఆవూ."

శాలిని ముడి వదిలేసి ఫోను తీసి ఫొటో తీసుకుంది.

కుప్పం పక్కన 'స్వచ్ఛమైన గాలి మన హక్కు' అన్న బ్యానరును గాలి రాకుండా పట్టుపురుగుల షెడ్డుకు అడ్డం కట్టారు. తంబళ్లపల్లె దగ్గర 'ప్రతి చినుకునూ ఒడిసిపడదాం' అన్నది వేరుశనక్కాయల వామి మీద ఉంది. ఒక్క చినుకు లోపలికి పోలేదు. అక్కడే గొర్రెలు మేపే మునెప్ప ఆమెను నిలబెట్టి అడిగాడు.

"అందరికీ అయిపాయె. నా గొర్రెల దొడ్డి కాడ ఎప్పుడమ్మా మీటింగు? పదారు పదకొండు. సారు కొల్సుకోని పోయి నెలయింది."

ఆదివారం తిరుగుదారిలో ఆమె వానకు నిలువునా తడిసింది. ఒక్క బ్యానరు కూడా చేతిలో లేదు. సోమవారం తుమ్ముతూ వస్తే సారు తలెత్తి చూశాడు.

"గొడుగు లేదామ్మా?"

"లేదు సార్."

"కొనుక్కోవాల" అని తన గొడుగును కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"సార్, మీరు కొట్టాలు కొలుస్తారంట కదా. అక్కమ్మవ్వ చెప్పింది."

"ఆమెకు వయసైపోయింది. ఏదో మర్చిపోయుంటుంది" అన్నాడు సారు, పెన్ను క్యాపు పెడుతూ.

కమిటీ ముందు శాలిని ఫొటోలు పెట్టింది. వరదరాజులు నుదురు తుడుచుకున్నాడు. కమిటీ పెద్ద ఆవు ఫొటో చాలాసేపు చూశాడు.

"ఈ కార్యక్రమం ఎప్పుడు జరిగింది?"

"మూడేళ్ల కిందట సార్."

"మూడేళ్లయినా ఊరివాళ్లు బ్యానరు తీయలేదా?"

"తీయమన్నా తీయరు సార్" అంది శాలిని. అందులో అబద్ధం లేదు.

ఆయన కళ్లజోడు సర్దుకుని కాగితం మీద రాసుకున్నాడు: 'ప్రజల్లో చెరగని ముద్ర.' ఇదంతా తన పథకమే అన్నట్టు వరదరాజులు తల పంకించాడు. సాయంత్రానికి ఫైలు మీద సంతకం పడింది.

ఆ నెలాఖరే సారు రిటైరవుతున్నాడు. సన్మానానికి రెండు రోజుల ముందు మురళి ఫోను చేశాడు.

"మేడం, మీ స్టేజీ పది అడుగులే కదా? సన్మానం బ్యానరు పదారు పదకొండు కొట్టమని సారే వచ్చి చెప్పిపోయినాడు. ఆయన ఫొటో ఓ మూలన ఉంటే చాలంట."

శాలినికి మునెప్ప గుర్తొచ్చాడు. "కొట్టు మురళీ."

"రింగులు?"

"అడుగుకొకటి."

బ్యానరును రెండు వైపులా మడిచి స్టేజీకి కట్టారు. వరదరాజులు సారు నిరాడంబరత గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. సారు జవాబు ప్రసంగం భోజనాల తర్వాత అన్నారు. అందరూ తిని వచ్చేసరికి స్టేజీ మీద నాలుగు తాడు ముక్కలు వేలాడుతున్నాయి. సారు లేడు. తంబళ్లపల్లె బస్సు వెళ్లిపోయి పావుగంటైందని వాచ్‌మన్ చెప్పాడు. బయట వాన.

"ఒక్క మాటైనా చెప్పకుండా పోయినాడా?" అన్నాడు వరదరాజులు. "బ్యానరేదీ?"

"ఈసారి మర్చిపోకుండా తీసుకోని పోయినట్టుండారు సార్."

"మరి ఇదేంది?"

శాలిని కుర్చీకి సారు గొడుగు ఆనించి ఉంది. ఆమె తీసి చూసింది. పిడి మీద పేరు లేదు. పేరున్న చోట గరుకు కాగితంతో రుద్దిన తెల్లటి మరక మాత్రం కొత్తగా ఉంది.

"ఎప్పుడూ ఇడిసిపెట్టని గొడుగే. దీన్ని కూడా మర్చిపోయినాడా?"

"మర్చిపోయినారు సార్" అంది శాలిని, గొడుగు విప్పుకుని వానలోకి దిగుతూ.