మూత తీసిన సీసా

మా నాన్న తమ్ముడు చిన్నబాపు దుబాయి హోటల్లోని బార్లో ఏళ్ల తరబడి పనిచేసి కూడా చుక్క ముట్టలేదు. ఆయనకున్నదల్లా వాసన చూసే అలవాటు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ ధనియాలు దంచుతుంటే రెండు గింజలు గోటితో నలిపి, "గివి జిన్ను అనే మందుల ఏస్తరు వదినా" అనేవాడు. నారింజ తొక్క చేతికొచ్చినా అదే మాట.

"నీ జిన్నుకో దండం. జర నన్ను చారుల ఎయ్యనియ్యి" అని అవ్వ నవ్వేది.

ఒకసారి నేను హైదరాబాదు నుంచి, మన ఆదిలాబాద్ అడవి సరుకు వేసి చేసిన జిన్ను సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాను. మూత తీసి కళ్లు మూసుకున్నాడు.

"జునిపర్ గింజలు, జిన్నుకు అసలు వాసన గదే. ధనియాలు. నారింజ తొక్క..." అంటూ ఆగిపోయాడు.

"ఇంకోటున్నది చిన్నబాపూ."

"ఇప్పపువ్వు" అన్నాడు మెల్లగా. "మా బాపు ఇంటికొస్తుంటే మనిషికన్న ముందు గీ వాసన వచ్చేటిది."

తాత ఇప్పసారా తాగొచ్చి ఇంట్లో అందరినీ కొట్టేవాడని విన్నాను. తాగిన రోజే ఈయన్ని భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడనీ విన్నాను.

"పారబోయనా?" అని అడిగాను.

"వద్దు."

"తాగుతవా మరి?"

"ఛీ."

నాకేమీ అర్థం కాలేదు. సీసా ఆయన పెట్టెలోనే ఉండిపోయింది. ఆయన పోయేదాకా అందులో చుక్క తగ్గలేదు. అప్పుడప్పుడు మూత తీసి వాసన చూసి, గబుక్కున తలుపు వైపు తిరిగేవాడు. ఒకరోజు లేచి వెళ్లి గడియ పెట్టి వచ్చాడు. ఇంకోరోజు అలాగే లేచి వెళ్లి, పెట్టి ఉన్న గడియ తీసి వచ్చాడు.