పైపన్ను

మొన్న తాండూరులో పళ్ల డాక్టరు గదిలోకి అడుగు పెట్టగానే లవంగ నూనె వాసన ముక్కుకు తగిలింది. ఆ కుర్ర డాక్టరు నా నోట్లోకి లైటు వేసి, "తాతా, ఈ పన్ను తీసేద్దాం" అన్నాడు. "ఎందుకు తియ్యాలె?" అన్నాను. అతనికి కోపం వచ్చింది. రానీ. అట్లా కారణం అడగడం నాకు రూతమ్మ సిస్టరు పెట్టిన భిక్ష. వికారాబాదులో ఒక చిన్న దవాఖానలో పళ్లు చూసే నర్సు ఆమె.

అరవై ఏళ్ల కిందటి మాట. తాండూరు బండల గనిలో పని చేసేవాణ్ణి. బడి గడప తొక్కలేదు. దుకాణాల బోర్డులూ పొట్లాల కాగితాలూ చూసి చదువు నేర్చుకున్నాను. ఆ గర్వం నెత్తికెక్కి ఉండేది. నా భార్య మల్లమ్మ గొంగళ్లకు ఉన్ని వడికేది. ఆ ఏడు ఆమె పై దవడ పన్ను పుచ్చి, చెంప వాచింది. వారం రోజులు లవంగ నూనె అద్ది నెట్టుకొచ్చాం. పీకిద్దామని ఎవరన్నా నేను కసిరేవాణ్ణి. పైపన్ను పీకితే ఆ వైపు కన్ను పోతుందని మా వాడంతా నమ్మేది. కన్ను పోతే ఆమె దారం తీసేదెట్లా? చివరికి ఒళ్లు జ్వరంతో కాలిపోయి, వాపు కంటి కిందికి పాకాక, ఆమెను వికారాబాదు రైలెక్కించాను.

రూతమ్మ చెంచా కాడతో పన్ను మీద మెల్లగా తట్టింది. మల్లమ్మ కేక పెట్టింది. పన్ను ఊగుతోంది. చిగురు కింద చీము.

"ఇది పీకాలె తమ్మీ."

"పీకితే కన్ను పోతది. మందియ్యి, చాలు."

"నొప్పున్న ప్రతి పన్ను పీకం. నిలిచేదైతే మస్తు తిప్పలు వడి నిలవెడ్తం. గిది వేరుదాంక కుళ్లింది. ఉంచితే చీము పైకెక్కుతది, మనిషే దక్కదు. కన్ను పోతదని నీకెవరు చెప్పిన్రు?"

"అందరికీ ఎరికే. నేను చదువుకున్నోన్ని."

"అట్లనా! ఏ బుక్కుల చదివినవ్?"

ఎక్కడా చదవలేదు. విన్నాను, అంతే. మల్లమ్మ నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. "పన్ను నాది. ఆయన్నేం అడుగుతవక్కా? పీకు."

పీకింది. తెల్లవారేసరికి వాపు ఇంకా పెరిగి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నేను వరండాలో అందరి ముందూ అరిచాను. "పాయె గదా కన్ను! ఇప్పుడేం జెప్తవ్?"

"చీము కారుతున్నది, జ్వరం దిగుతున్నది. వాపు గూడ దిగుతది. జర ఓపిక వట్టు" అంది రూతమ్మ, సూది మందు ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే. ఓపిక నా దగ్గరెక్కడిది? రెండు రోజులు రూతమ్మను తిట్టుకున్నాను, నన్ను నేనూ తిట్టుకున్నాను.

మూడోనాడు పొద్దున రెప్ప సన్నగా విచ్చుకుంది. రూతమ్మ మల్లమ్మ రెండో కంటిని అరచేత్తో మూసి, "ఏం కనవడుతుంది?" అని అడిగింది. మల్లమ్మ నన్నే చూసింది.

"గడ్డం. అండ్ల ఓ తెల్ల ఎంట్రుక గూడ. ఏందయ్యా, నేను సచ్చిననుకున్నవా?"

రూతమ్మ పకపకా నవ్వింది. నేను సిగ్గుతో ఆమెకు దండమైనా పెట్టకుండా రైలెక్కాను. ఆ బాకీ అట్లాగే ఉండిపోయింది.

ఇప్పటికీ పైపన్నుకూ కన్నుకూ ముడిపెట్టేవాళ్లు కనిపిస్తే ఒళ్లు మండుతుంది. కానీ నోరు తెరవబోయిన ప్రతిసారీ ఆమె గొంతు ముందు నన్నే అడుగుతుంది: ఏ బుక్కుల చదివినవ్?

మొన్న ఆ కుర్ర డాక్టరు విసుక్కుంటూనే ఎక్స్‌రే ఫోటో తీసి, వేరు దగ్గర నల్లటి మచ్చ చూపించి, పన్ను ఎందుకు నిలవదో చెప్పాడు. "గట్ల జెప్పు నాయనా" అని నోరు తెరిచాను.