సెక్రటరీ గారు అందరిలో లేరా?

ఎవరేమిచ్చినా సరే, పుచ్చుకునే ముందు కరుణకుమారి మేడమ్ ఒకటే ప్రశ్న అడుగుతారు: "అందరికీనా, నాకేనా?" అందరికీ అయితే చేదు మందైనా గుటుక్కున మింగేస్తారు. తనకొక్కరికే అయితే అమృతమైనా అక్కర్లేదంటారు. నర్సీపట్నంలో మాదొక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఆవిడ బోటనీ చెబుతారు, నేను కామర్స్. స్టాఫ్ రూములో మావి ఎదురెదురు కుర్చీలు కాబట్టి ఆ ప్రశ్నతో నేను పడ్డ అవస్థ ఇంకెవరూ పడలేదు.

ఓసారి నా పెళ్ళిరోజని కాజాలు తీసుకెళ్ళి, బుద్ధి గడ్డి తిని, ముందు ఆవిడ చేతికే ఇచ్చాను. "అందరికీనా, నాకేనా మాస్టారూ?" "అందరికీనండి!" "అయితే అందరికీ పెట్టి రండి." ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా తిరిగొచ్చేసరికి డబ్బాలో ఒక్కటే మిగిలింది. అది ఆవిడ తిన్నారు. పెళ్ళిరోజు మాత్రం నాది.

కూరగాయల కొట్టు భీమన్న, పాత బేరం కదా అని, ఆవిడ సంచీలో రెండు రెబ్బలు కరివేపాకు ఊరికే పడేశాడు. ప్రశ్న వచ్చింది. "మీకేనండి, మేడమ్ గారు కదా!" అన్నాడు పాపం. "అయితే తీసెయ్," అన్నారీవిడ. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు "మాకేటి తక్కువ?" అని లేచారు. ఆ రోజు నుంచీ భీమన్న ఊరందరికీ కరివేపాకు వేస్తున్నాడు. ఆవిడ వస్తుంటే మాత్రం తక్కెడ వెనక దాక్కుంటాడు.

ఇలాంటి మనిషికి పోలీసు చలానా తగిలితే ఏమవుతుంది? తగిలింది మరి.

కాలేజీ లోపల దారి ఇరుకైపోతోందని యాజమాన్యమే పోలీసులను పిలిచింది. కానిస్టేబుల్ సింగన్న వచ్చి, లైబ్రరీ గోడ పక్కన వరసగా ఉన్న టూవీలర్లన్నిటికీ ఫొటోలు తీసి చలానాలు కొట్టేశాడు. గోల విని నేను బయటికొచ్చేసరికి ఆ వరసలో మేడమ్ స్కూటరు కూడా ఉంది. పక్కనే మా ఫైనలియర్ పిల్ల సత్యశ్రీ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏటైందమ్మా?"

"బండి మా నాన్న పేరు మీదుంది సార్. మెసేజి ఆయన ఫోనుకెళ్ళిపోయింది. నా మీద పోలీసు కేసు పెట్టేశారనుకున్నాడు సార్. రేపట్నించి బండీ వద్దు, కాలేజీ వద్దు అంటన్నాడు."

సత్యశ్రీది రావికమతం దగ్గర పల్లె. ప్రాక్టికల్స్ అయ్యేసరికి వాళ్ళ ఊరి బస్సు వెళ్ళిపోతుంది. మోపెడ్ ఆగితే చదువు ఆగినట్టే. వాళ్ళ నాన్న కొండన్నకి చలానా, కేసు, జైలు మూడూ ఒకటే.

మేడమ్ సింగన్న ముందు నిలబడ్డారు. "ఈ చలానాలు అందరికీనా?"

"అందరికీనండి మేడమ్ గారూ. రూలంటే రూలేనండి."

"మరి వరస మొదట్లో ఉన్న ఆ కారుకో?"

"అది మీ కాలేజీ సెక్రటరీ గారిదండి."

"సెక్రటరీ గారు అందరిలో లేరా?"

సింగన్న టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"దాని ముందున్న జీపుకో?"

"అమ్మో! అది మా ఎస్సై గారిదండి. దానికి ఫొటో తీత్తే నా ఉద్యోగం ఉంటాదేటండి? నానేటి సేస్తానండి, మీరే సెప్పండి!"

"నువ్వేం చెయ్యక్కర్లేదులే. నేను చేస్తాను," అన్నారు మేడమ్. ఆవిడ అలా నెమ్మదిగా మాట్లాడితే నాకు భయం.

సాయంత్రం "నాకు సాక్షి కావాలి" అని నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుని స్టేషన్‌కి లాక్కెళ్ళారు. ఎస్సై వీరేంద్ర కుర్రవాడు, మర్యాదస్తుడు. "కూర్చోండి మేడమ్," అన్నాడు. ఆవిడ వెనక్కి చూశారు. ఫిర్యాదులతో వచ్చిన జనం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. "అందరికీనా?" అన్నారు. కుర్చీ ఒక్కటే ఉంది. ఆవిడ నిలబడ్డారు. చదువు చెప్పే ఆవిడ నిలబడితే తాను కూర్చోలేక ఎస్సై లేచాడు. ఆయన లేస్తే రైటర్ లేచాడు. ఆ పూట స్టేషన్‌లో అందరం నిలబడే మాట్లాడుకున్నాం. మర్నాటికి అక్కడ బల్ల వేశారు.

"మీ చలానా తీసేయమని పైకి రాసేస్తానండి," అన్నాడు ఎస్సై.

"అందరికీనా, నాకేనా?"

"మీకేనండి."

"అయితే ఉంచండి."

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండింది. "మన గొడవ తీరిపోయేది కదా మేడమ్!"

"మన అంటే ఎవరు మాస్టారూ?" అన్నారు, స్కూటరు స్టార్ట్ చేస్తూ.

తర్వాత రోజూ ఇదే వరస. స్కూటరు చప్పుడు వింటే చాలు, ఎస్సై గారికి ఎక్కడో బందోబస్తు గుర్తొచ్చేది. ఈవిడ అబీద్ సెంటర్ దాకా వెంటాడి, నడిరోడ్డు మీద, ఆయన చేతులూపి బళ్ళు ఆపుతుంటే పక్కన నిలబడి, "చలానాలు తీసేస్తే అందరివీ తీసెయ్యండి, లేదంటే మీ జీపుకీ వెయ్యండి" అని వాదించేవారు. బస్సులో జనం కిటికీల్లోంచి తొంగి చూసేవారు.

"నా జీపు డ్యూటీ మీదుందండి!"

"లైబ్రరీ గోడ పక్కన ఏం డ్యూటీ అండీ?"

"సెక్రటరీ గారితో టీ..." అని సగంలో నాలిక కరుచుకున్నాడు. మళ్ళీ సర్దుకుని, "అయినా నో పార్కింగ్ బోర్డుంది కదా మేడమ్. చదువుకున్న పిల్లలే చూసుకోకపోతే ఎలా?" అన్నాడు.

"నేనెప్పుడూ చూళ్ళేదే! రండి, చూపించండి."

వచ్చాడు. గోడంతా వెతికాడు. బోర్డు లేదు. బోర్డు ఉండాల్సిన చోట సెక్రటరీ గారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది, నిలువెత్తు, దండం పెడుతూ. ఎస్సై దాని అంచు పట్టుకుని ఎత్తాడు. లోపల, దండం పెడుతున్న చేతుల వెనకాల, నో పార్కింగ్ అని ఎర్రక్షరాలున్నాయి. ఎస్సై ఆపుకోలేక నవ్వేశాడు.

"నావల్ల కాదండి. బోర్డు కనబడ్డం లేదని రాసి అందరివీ తీయించేస్తాను. రేపట్నించి నా జీపు కూడా కాలేజీ బళ్ళ స్టాండులోనే పెడతాను."

"ఇంకొక్కటి," అన్నారు మేడమ్. "సత్యశ్రీ వాళ్ళ నాన్నకి మీరు ఫోన్ చేసి చెప్పాలి. చలానా తీసేశామని మళ్ళీ మెసేజి వస్తే రెండో కేసనుకుంటాడు."

ఎస్సై సమయం చూసి కొట్టాడు. "అందరికీనా మేడమ్, ఆయనకేనా?"

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఆయనకే," అన్నారు గొణుగుతూ.

ఎస్సై ఫోన్ చేశాడు. "కొండన్న గారూ, మీ అమ్మాయి మీద ఏ కేసూ లేదండి. తప్పు మాది. రేపు బేగి బండిచ్చి పంపండి." అవతల్నుంచి "సిత్తం బాబూ, సిత్తం!" అన్న కేక మాక్కూడా వినబడింది. మర్నాడు సత్యశ్రీ మోపెడ్ మీదే వచ్చింది.

అంతా అయ్యాక గేటు దగ్గర సింగన్న కనిపిస్తే నవ్వుతూ అన్నాను: "మా మేడమ్ గారు ఆ రోజు బండి స్టాండులో పెట్టుకుని ఉంటే మనందరికీ ఈ తిప్పలు తప్పేవి కదయ్యా!"

సింగన్న నన్ను వింతగా చూశాడు. "మేడమ్ గారి బండి స్టాండులోనే ఉందండి మాస్టారూ! ఆ పిల్ల ఏడుత్తుంటే వచ్చి, చలానా తీసెయ్యమన్నారండి. నానే నోరు జారి, మీకు పడనేదు కదా, మీకేటి సంబందం అన్నానండి. అంతే! స్టాండులోంచి బండి తోసుకొచ్చి వరసలో ఎట్టి, ఇప్పుడు తియ్యి నాక్కూడా ఫొటో అన్నారండి. ఒద్దు మొర్రో అన్నా ఇన్నేదండి."

నాకు ఆవిడ మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది. నేరుగా స్టాఫ్ రూముకెళ్ళి, "కావాలని చలానా వేయించుకున్నారట కదండీ!" అన్నాను.

మేడమ్ రికార్డులు దిద్దుతూ తలెత్తలేదు. "మరేం చేస్తాం మాస్టారూ? సంబంధం లేదన్నాడు కదా, కలుపుకున్నాను. ఫొటో బాగా వచ్చింది, చూస్తారా?" అని ఫోన్ ఇచ్చారు.

చూశాను. నంబరు ప్లేటు తళతళలాడుతోంది. పక్కనే, ఫొటోకి సరిగ్గా కనబడాలని ప్లేటు మీద దుమ్ము తుడుస్తున్న ఆవిడ చెయ్యి, చీర కొంగు కూడా పడ్డాయి.