ఖాళీ ట్యాంకుతో బయల్దేరిన ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయారు. చలికాలం దేశానికి అటు చివరనున్న ఫ్రీమాంట్‌లో కూతురి దగ్గర గడిపి వస్తానని వెళ్లిన మనిషి, అక్కడే, నిద్రలోనే వెళ్లిపోయారు. కబురు నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. ఆంటీ కూతురు ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్ల, నన్ను అక్కా అంటుంది. "అక్కా, అమ్మ ఈజ్ గాన్. మార్నింగ్ లేపితే లేవలేదు" అంది. తర్వాత ఏం చెప్పాలో తెలియక, "నువ్ ఓకేనా?" అని నన్నే అడిగింది. ఓకే అన్నాను. ఫోన్ పెట్టేసి మీటింగ్‌లోకి వెళ్లి కూర్చున్నాను. పక్కింటావిడ పోతే సెలవిచ్చే ఆఫీసు ఎక్కడుంది?

అంత్యక్రియలు అక్కడే చేశారు, నేను ఇక్కడ మా ఊరు క్యారీలో, వంటింట్లో కూర్చుని ఆన్‌లైన్ లింకులో చూశాను. సౌండ్ మధ్యలోనే పోయింది. పురోహితుడి పెదవులు కదులుతున్నాయి, ఎవరో ఏడుస్తున్నారు, నాకేమీ వినపడదు. నా వైపు మైకు కూడా మ్యూట్‌లోనే ఉంది కాబట్టి నేను ఏడ్చిందీ ఎవరికీ వినపడలేదు. ల్యాప్‌టాప్ మూసి కిటికీలోంచి చూస్తే ఆవిడ ఇంటి పక్కన ట్రైలర్ అలాగే నిలబడి ఉంది.

ఆ ట్రైలర్ గురించి చెప్పకుండా ఆంటీ గురించి చెప్పలేను. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న గది అది. లోపల ఒక మంచం, పొయ్యి, సింకు, వెనక వైపు నేల కింద నీళ్ల ట్యాంకు. మాది హెచ్‌ఓఏ అనే ఇళ్లవాళ్ల సంఘం, దాని రూల్సు లేని పాత వీధి కాబట్టి ఇంటి పక్కన పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. అంకుల్ రిటైరయ్యాక ఇద్దరూ ముచ్చటపడి కొనుక్కున్నారు. కొన్నాళ్లు బాగా తిరిగారు. ఆ తర్వాత అంకుల్ గుండెపోటుతో పోయారు.

నేను ఒంటికాయ శొంఠికొమ్మునే. విడాకుల తర్వాత ఈ వీధికి వచ్చాను. పార్టీల్లో కలిసిన ఆంటీలందరూ మొదటి ప్లేటు పూర్తికాకముందే "మీ వారేం చేస్తారమ్మా?" అని అడిగేవారు. ఈ ఆంటీ మాత్రం చివరిదాకా అడగలేదు. మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేసిన మనిషి. అవసరం లేనిది అడగరు, అవసరమైతే వదలరు. "ఏదైనా తేడా వస్తే ముందు ఏం మారిందో చూడు, తర్వాత కంగారుపడు" అనేవారు. మిక్సీ పాడైనా అదే మాట, నా ఉద్యోగం పోయినప్పుడూ అదే మాట.

అంకుల్ పోయిన ఏడాదికి, ఒక శుక్రవారం నా తలుపు తట్టారు. "అమ్మాయ్, వీకెండ్ ఖాళీయేనా? కొండల వైపు వెళ్దాం. డ్రైవింగ్ నేను చేస్తా, నువ్వు ఊరికే కూర్చో" అన్నారు. తయారవుతుంటే చూశాను, ట్యాంకులోకి ఇంటి పైపు పెట్టి అంచుదాకా నీళ్లు నింపుతున్నారు. అక్కడ నీళ్లుండవా అని అడిగాను. "ఉంటాయి. కానీ నీళ్లు మారితే నాకు గొంతు పట్టేస్తుంది. కాఫీకీ, అన్నానికీ మన నీళ్లే పడాలి" అన్నారు. మరీ అంత నిండుగానా అంటే, "సగం నింపితే దారంతా అటూ ఇటూ కొడుతుంది. నిండు కుండ తొణకదు" అని కుళాయి కట్టేశారు. సామెత ఉన్నాక ఇక ఎదురు చెప్పేదేముంది, కారెక్కాను.

కొండలు ఇంకా మొదలుకాలేదు. ఒక పల్లంలో దిగుతుంటే పెద్ద ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటి పోయింది. ఆ గాలికి వెనక ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తర్వాత మరీ ఎక్కువగా. స్టీరింగ్ ఆవిడ చేతుల్లో గింజుకుంటోంది. నేను కేకపెట్టాను. ఆంటీ కారు బ్రేకు తొక్కలేదు. గ్యాస్ పెడల్ మీద నుంచి కాలు తీసి, ఒక చేత్తో స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, రెండో చేత్తో డాష్‌బోర్డు కింద ఉన్న మీట నొక్కారు. అది ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు వేస్తుందని నాకు తర్వాత తెలిసింది. ఊపు మెల్లగా తగ్గింది. పక్క ఎగ్జిట్‌లో దిగి, గ్యాస్ స్టేషన్ పక్కన గడ్డి అంచున ఆపారు.

ఇంజన్ కట్టేసి ఆవిడ అన్నారు, "ఈ సంగతి మా అమ్మాయికి తెలిస్తే రేపే అమ్మించేస్తుంది. ఇది పోతే ఇక నేను కూతురింట్లో గెస్ట్ రూమ్ ఆంటీనే."

రోడ్డు మీద బెదరని మనిషి, ఈ మాటకు బెదిరారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడ భయం ప్రాణం పోతుందని కాదు, ఈ ట్రైలర్ పోతుందని.

"ఆయన ఉన్నప్పుడు ఎన్నడూ ఇట్లా ఊగలేదు. ఏం మారింది?" అని దిగి ట్రైలర్ చుట్టూ తిరిగారు. దారి అదే, వేగం అదే, టైర్లలో గాలి పొద్దున్నే చూశారు, నీళ్లూ ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. చివరికి ముందు వైపున్న పెట్టె మూత ఎత్తారు. ఖాళీ. అందులో ఒకప్పుడు అంకుల్ పనిముట్ల డబ్బా, జనరేటరు, మడత కుర్చీలు ఉండేవి. ఏడాది తిరిగాక అవన్నీ ఆంటీయే ఎవరెవరికో ఇచ్చేశారు. ముందున్న ఆ బరువు పోయింది, వెనకున్న నీళ్ల బరువు మాత్రం అలాగే ఉంది. గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైనే తూగుతాయి. వెనక భాగం బరువెక్కి, కారుకు తగులుకుని ఉండే ముందరి కొస పైకి తేలితే, ట్రైలర్ అలాగే ఊగుతుందట.

ఆ మూత పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఆయన సామానంతా ఇచ్చేశాను గానీ, నీళ్లు మాత్రం ఇంకా ఇద్దరికీ నింపుతున్నానే" అన్నారు. ఆ తర్వాత వంగి, కింద ట్యాంకు వాల్వు తిప్పారు. క్యారీ నుంచి అంత దూరం మోసుకొచ్చిన నీళ్లన్నీ గడ్డిలోకి పారిపోయాయి. ఆఖరి చుక్క దాకా చూసి, చీర కొంగుకు తుడుచుకున్నట్టే ప్యాంటుకు చేతులు తుడుచుకుని, "పద" అన్నారు. ట్రైలర్ మళ్లీ తోక ఆడించలేదు.

కొండల్లో ట్రైలర్లు ఆపుకునే క్యాంపులో అక్కడి కుళాయి నీళ్లే పట్టుకుని కాఫీ పెట్టారు. తాగి, గొంతు పట్టేస్తుందేమో అని ఉదయం దాకా ఎదురుచూశారు. ఏమీ కాలేదు. "చూశావా, పట్టేయడం ఇన్నాళ్లూ దీనికి నేనే నేర్పాను" అని గొంతు తడుముకుని నవ్వారు. తర్వాత తానే కూతురికి ఫోన్ చేసి జరిగింది పూసగుచ్చినట్టు చెప్పారు. అవతల నుంచి "మామ్, జస్ట్ సెల్ ఇట్!" అన్న అరుపు నాకూ వినిపించింది. "తప్పెక్కడో తెలియకపోతే అమ్మేదాన్ని. తెలిసిందిగా" అన్నారు ఆంటీ. ఆ కుటుంబంలో ఆ చర్చ అక్కడితో ముగిసింది.

తర్వాత ఆవిడ ఎక్కువగా ఒక్కరే వెళ్లేవారు. బయల్దేరే ముందు నాకు మెసేజ్ వచ్చేది: "ట్యాంకు ఖాళీ. బయల్దేరా." తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన నీళ్లూ వాడిన నీళ్లూ క్యాంపులోనే వదిలేసి, మళ్లీ అదే మాట. నా ఫోన్‌కు ఆఫీసువి, బ్యాంకువి కాకుండా వచ్చే మెసేజ్ అదొక్కటే అయిన నెలలున్నాయి. అప్పుడప్పుడు నన్నూ తీసుకెళ్లేవారు. చర్చి పార్కింగ్ లాట్‌లో నాకు ట్రైలర్ లాగడం, వెనక్కి తోయడం నేర్పారు. నేను వంకరగా పెడితే, "పర్లేదు, ఇక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ లేరు" అనేవారు.

ఆంటీ పోయాక, వసంతంలో ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ట్రైలర్ నువ్ కీప్ చేస్తావా? అమ్మకి నచ్చుతుంది" అంది. ఆలోచించాను. రాత్రి ఆ ట్రైలర్‌లో ఒక్కదాన్నే పడుకోవడం ఊహించుకున్నాను. ఒంటరిగా ఉండటం నాకూ వచ్చు, కానీ ఒంటరిగా బయల్దేరడం ఆవిడకే వచ్చు. వద్దని చెప్పాను. చెప్పాక బాగా ఏడ్చాను.

కొనుక్కున్నది కొండల్లో ఉండే ఒక ముసలి జంట. ట్రైలర్‌ను ఆంటీ కారుకే తగిలించి నేనే తీసుకెళ్లాను. ఒక్కదాన్నే లాగడం అదే మొదటిసారి. వాళ్లకు అన్నీ చూపించాను, ట్యాంకు ఇంటి దగ్గర నింపకండి, చేరాక నింపుకోండి అని చెప్పాను. ఆ పెద్దాయన శ్రద్ధగా విని, మీ అమ్మగారిదా అని ఇంగ్లీషులో అడిగాడు. పక్కింటావిడది అన్నాను. ఇంకేదో చెప్పాలనిపించింది గానీ, దానికి సరైన మాట ఇంగ్లీషులోనూ లేదు, తెలుగులోనూ దొరకలేదు. వాళ్లిచ్చిన టీ తాగి బయల్దేరాను.

కారు తేలిగ్గా పోతోంది. హైవే మీద ఒక ట్రక్కును దాటాను. అద్దంలో వెనక రోడ్డంతా ఖాళీగా కనిపిస్తూనే ఉంది. అయినా వెంటనే దాని ముందు వరసలోకి రాలేకపోయాను. వెనక ట్రైలర్ ఇంకా వస్తున్నట్టే దానికి చోటు వదులుతూ, చాలా దూరం అలాగే పక్క వరసలోనే వెళ్లాను.