రావి మొలకకు దండం పెట్టి

మేడమ్ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను క్యాంపస్‌లో పాత హాస్టల్ మెట్ల మీద నిలబడి, ఆ రాతి కట్టడాన్ని కూల్చనివ్వబోమని గొంతు చించుకుంటున్నాను. నినాదం సగంలో ఆగిపోయింది. మిగతా సగం కోసం మిత్రులు పిడికిళ్ళు ఎత్తి అలాగే నిలబడ్డారు. తార్నాకలో నేను అద్దెకుంటున్న ఇల్లు ఆమెదే. ఇదే యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి.

మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. పొద్దున్నే గొడుగు చంకలో పెట్టుకుని, ప్రతి పాత గోడనూ డాక్టరు రోగి నాలుక చూసినట్టు చూస్తూ నడిచే పెద్దావిడ. రాళ్ళ సందులో రావి మొలక కనిపిస్తే చాలు, చెప్పులు విడిచి దండం పెట్టేవారు. ఎంత భక్తో అని మనం అనుకునేలోపే గొడుగు వంకీ తగిలించి దాన్ని వేరుతో సహా లాగేసేవారు. పాత రంగు డబ్బాలో నాటి, ఎదురైనవాళ్ళ చేతిలో పెట్టేవారు.

"దేవుడేనయ్యా, కాదన్నానా? గోడలో వద్దు, నేల మీద ఉండమను."

నాకు ఆమె పరిచయమైంది ఆ హాస్టల్ ముందే. వారసత్వ విధ్వంసం, పెట్టుబడి కుట్ర, చారిత్రక కర్తవ్యం అంటూ చదివిన కరపత్రాలన్నీ ఒక్క ఊపిరిలో దించుతున్నాను. ఆమె గుంపును తోసుకుంటూ వచ్చి నా తలపైకి గొడుగు చూపించారు.

"బాబూ, నీ కుట్రదారు అక్కడున్నాడు, కిటికీ సజ్జ మీద. ఎక్కి పీకు."

"మేడమ్, గిది సీరియస్ పోరాటం!"

"వాడూ సీరియస్సే. నువ్వు అరిచి ఇంటికెళ్తావ్. వాడు రాత్రి కూడా పనిచేస్తాడు. నినాదం తర్వాత, నిచ్చెన ముందు."

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మండుతూనే ఎక్కాను. దిగాక డబ్బా చేతికిచ్చి, "మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. నిచ్చెన ఎక్కేవాళ్ళకే ఇస్తాను" అన్నారు.

ఆ ఇంట్లో సిమెంటు మాట ఎత్తకూడదు. "పూశావంటే తడి లోపలే ఉండిపోతుంది, గోడకు ఊపిరాడదు" అనేవారు. రాతిగోడకు సున్నమే. విరిగిన కిటికీ రెక్కకు పాత తలుపు చెక్కే అతుకు. వానలకు ముందు నేను డాబా తూముల్లో ఆకులు తీస్తుంటే, కింద వాకిట్లో తన పేము కుర్చీలో కూర్చుని, "విప్లవకారుడా, ఆ మూల వదిలేశావ్!" అని కేకేసేవారు.

ఆ ఇంటి మీద ఒక బిల్డర్ కన్నుండేది. లాలాపేట్ నుంచి బుల్లెట్ మీద దిగేవాడు.

"అమ్మా, గీ పాతిల్లు ఇంకెన్నొద్దులు? ఐదంతస్తులు లేపుదాం. లిఫ్టు గూడ పెడ్త."

"మాట్లాడదాం నాయనా. ముందు ఆ పిట్టగోడలో మొలకొచ్చింది చూడు. నాకు అందట్లేదు."

పాపం, బూట్లు విప్పి ఎక్కేవాడు. దండం పెట్టకుండా పీకితే ఆమె ఒప్పుకునేవారు కాదు. "మా బాల్కనీ నిండ మీ డబ్బాలే అమ్మా, మా ఆమె తిడ్తున్నది" అని మొత్తుకుంటూనే మరో డబ్బా పట్టుకుని వెళ్ళేవాడు. అతన్ని గేటు దగ్గరే ఘెరావ్ చేద్దామని నేనంటే, ఆమె నన్ను టీ పెట్టమనేవారు. శత్రువు చేతే కోటకు మరమ్మతు చేయించడం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు.

ఇల్లు ఇప్పుడు నల్లకుంటలో ఉండే ఆమె మేనల్లుడిది. మంచివాడే, కానీ డాబా ఎక్కే రకం కాదు. పెద్దకర్మ నాడు బిల్డర్ వచ్చాడు. నేను పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. మేనల్లుడు నెమ్మదిగా అడిగాడు:

"మీకు తెలిసిన పని కదండీ. ఈ ఇల్లు ఇంకా నిలుస్తుందంటారా? నిలవదంటే మీకే ఇచ్చేస్తాను."

ఒక్క మాట. 'నిలవదు' అంటే చాలు, ఇల్లు అతనిది. బిల్డర్ గోడ వంక తలెత్తి చూశాడు. మేడమ్ మంచాన పడ్డాక మేమెవరమూ పైకి చూడలేదు. పిట్టగోడ సందులో కొత్త రావి మొలక, లేత ఎర్రటి ఆకులతో గాలికి ఊగుతోంది. దాన్ని అలాగే వదిలేస్తే కొన్నేళ్ళలో గోడను చీల్చి అతని పని అదే చేసిపెట్టేది.

అతను బూట్లు విప్పాడు. మెట్లెక్కాడు. దండం పెట్టి, వేరుతో సహా పీకాడు.

"నిలుస్తది సార్!" పైనుంచి అరిచాడు. "గిసొంటియి పీకుతుంటే మస్తుగ నిలుస్తది!"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలిసినట్టు లేదు. చేతిలో మొలక. తెల్ల చొక్కా మీద మట్టి రాలుతోంది. తర్వాత వాకిట్లో ఖాళీగా ఉన్న పేము కుర్చీ వైపు చూసి, అలవాటు చొప్పున అడిగాడు:

"అమ్మా, డబ్బా ఏది?"