మబ్బు గడి

నా ఆటలో మొట్టమొదట పోయినవి బుడ్డలు. వేరుశనక్కాయల్ని మా కర్నూలు వైపు బుడ్డలనే అంటాం. పుస్తకాల అంగడాయన ఎర్ర పెన్సిలుతో ఆ మాట కొట్టేసి, పైన 'సరుకులు' అని రాశాడు. ఏ సరుకులని అడిగితే, "ఏవైనా కావచ్చు గద వదినా" అన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బండిలో ఏముందో తెలియకుండా బండి తోలేవాడు ఎక్కడైనా ఉంటాడా?

మా ఆయనకు కర్నూలులో కాలితో తొక్కే చిన్న అచ్చుయంత్రం ఉండేది. పెళ్ళి పత్రికలు, అంగళ్ళ కరపత్రాలు వేసేవాడు. కత్తిరించగా మిగిలిన కాగితాన్ని నేను పారేయనిచ్చేదాన్ని కాదు. ఆ ముక్కలు అతికించి, మూడో తరగతిలో ఆగిపోయిన నా చదువుతోనే గడులు గీసి ఒక ఆట చేశాను. ప్యాపిలి నుంచి డోన్ స్టేషనుకు పోవాలి. ఆడేవాళ్ళలో ఒకరు బుడ్డల బండాయన, ఒకరు గొర్రెలాయన, ఒకరు గాజులమ్మే ఆమె. పాచికలకు బదులు ఒక వైపు అరగదీసిన చింతగింజలు. వైకుంఠపాళిలో లాగా గింజలు వేసి జరుపుకుంటూ పోతే చాలదు. గడిలో పడ్డవాళ్ళు తామే ఆ బండాయన అయినట్టు, ఆ గాజులామె అయినట్టు, 'నేనిప్పుడు ఇది చేస్తాను' అని నోటితో చెప్పాలి. అది సబబో కాదో తక్కినవాళ్ళు తేల్చాలి. మా వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట దీనికోసమే వచ్చి కూర్చునేవాళ్ళు.

అంగడాయన ఒకసారి చూసి, "అచ్చేద్దాం వదినా, బాగా అమ్ముడుపోతాది" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. నా ఊళ్ళూ నా మాటలూ అచ్చులో నిలబడితే చాలనుకున్నాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. గుడారాల్లో సర్కారు కచేరీలు, ఎక్కడ చూసినా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు. అంగడాయన కన్నంతా వాళ్ళ మీదే. బుడ్డల తర్వాత ప్యాపిలి పోయి 'ఒక ఊరు' అయింది. డోన్ 'పట్టణం' అయింది. ఇసుకలో నడిచి దాటే మా వంక 'నది' అయి, దాని మీదికి పడవ వచ్చింది.

"ఆ వంకలో మోకాలి లోతు నీళ్ళు చూసిందే లేదు, పడవ యాడ తిప్పుతావప్పా?" అన్నాను.

"నువ్వు చూడకపోతే ఏం వదినా, గుంటూరోళ్ళు చూసినారు. కొనేది వాళ్ళు."

"అయితే ఆటగూడా వాళ్ళనే చేసుకోమను."

మా ఆయన అక్షరాలు ఏరుకుంటూ నవ్వాడు. "ఊరి పేరు తీసేస్తే ఏమయితాది మే? ఆట ఆటే గద."

అన్నీ మింగాను గానీ మబ్బు గడి దగ్గర ఊరుకోలేకపోయాను. నా ఆటలో 'మబ్బు పట్టింది' అని ఒక గడి ఉంది. అక్కడ పడ్డవాళ్ళు వాన కోసం ఆగనూవచ్చు, పోనూవచ్చు. ఆగితే ఒక వంతు పోతుంది, ఎందుకంటే ఆ వాన రాదు. రాదని అందరికీ తెలుసు. అయినా మా వీధిలో ఆగకుండా పోయినవాళ్ళు లేరు. "పోతే పోనీ వంతు, మబ్బు పడితే తలెత్తకుండా ఎట్ల పోతారు?" అనేవాళ్ళు. అంగడాయన దాన్ని 'వాన కురిసింది, నాలుగు గడులు ముందుకు' అని మార్చాడు.

"మబ్బు పడితే వాన రావల్ల గద వదినా!" అన్నాడు. కర్నూలులో పుట్టి పెరిగిన మనిషి!

అచ్చయింది. బాగానే అమ్ముడుపోయింది కూడా, అదే నా కడుపుమంట. కొన్నవాళ్ళు గింజలు వేస్తారు, జరుపుతారు, నోరు విప్పరు.

మా ముందు గదిలో ఒక గుమాస్తా కుటుంబం అద్దెకుండేది. అతని భార్యది గోదావరి పక్క. ఒక మధ్యాహ్నం ఆమెను నా పాత అతుకుల కాగితం దగ్గరే కూర్చోబెట్టాను. బుడ్డలంటే ఏమిటో ఒక్క మాటలో అడిగి తెలుసుకుని, బండాయనగా ఆడింది. మబ్బు గడిలో పడగానే, "సరుకు తడిసిపోతుందేమోనండీ, గోనెపట్టాలు కప్పేస్తాను" అంది.

ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. "తడవనీ తల్లీ, తడిస్తే నీ బండికి టెంకాయ కొడతాం!" అంది ఒకామె.

రెండో ఆటలో మళ్ళీ అక్కడే పడి, "వాన రాదన్నారుగా, తోలుకుపోతాను" అంది. "నీకు చేను లేదా ఏంది?" అని అడిగారు. మూడో ఆటలో ఆమే ముందుంది. మబ్బు గడిలో పడి, "ఆగుతానండీ. అవతల చేను ఎండిపోతుంటే ఆగకుండా ఎలా పోతాడు?" అంది. వంతు పోయింది, ఆట ఓడింది. ఎవరూ నవ్వలేదు.

మళ్ళీ అచ్చు వేయించడానికి అంగడాయన వచ్చినప్పుడు ఇదంతా చెప్పి, ఈసారైనా నా మాటలు నాకు ఉంచమన్నాను.

"ఆమె ఒక్కతే గద వదినా. నువ్వు పక్కన కూచోని చెప్తివి, ఆమెకు తెలిసె. కాగితం కొన్న ప్రతి ఇంటికీ పోయి కూచుంటావా?"

ఎన్ని ఇళ్ళకని పోతాను?

మా ఆయన యంత్రం తొక్కడం మొదలుపెట్టాడు. అంగడాయన పోతూ పోతూ, "ఇట్లాంటిదే ఇంకొకటి చెప్పు వదినా, ఊరూ పేరూ లేకుండా" అన్నాడు.

"నాకు రాదు పోప్పా" అన్నాను.

అలిగాననుకున్నాడు. అలక కాదు. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని నిజంగానే ప్రయత్నించాను: ఒక ఊరు, ఒక మనిషి, ఒక దారి అని. పొద్దున ఆ మనిషి ఏం తిని బయల్దేరాడో కూడా నాకు తోచలేదు.